పనస చెక్క, బుడమేరు ఒండ్రు, 4 కిలోల గిటారు

నా కొత్త గిటారు బరువు సంగతి ముందే చెప్పేస్తాను, చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ అడిగేది అదే కాబట్టి. 4 కిలోల 150 గ్రాములు. మా షాపులో కాలిన మోటార్లలోంచి పీకిన పాత రాగి తూచే కాటా మీద పెట్టి చూశాను. పక్కన నిలబడ్డ మా కుర్రాడు "రాగి రేటు కట్టమంటావా అన్నా" అన్నాడు. రాగి రేటు కట్టినా నేను పెట్టిన డబ్బులో పదో వంతు కూడా రాదు.

నాది విజయవాడ ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ షాపు. సబ్‌మెర్సిబుళ్ళు, మోనోబ్లాకులు, ఫ్యాన్లు, మిక్సీలు, ఏది కాలినా మా దగ్గరికే. ఆదివారం చర్చిలో లీడ్ గిటార్ వాయిస్తాను. పెళ్ళి కాకముందు దసరా స్టేజీల మీద ఆర్కెస్ట్రాలో కూడా వాయించాను. కాబట్టి ఈ రివ్యూలో రాగి తీగ, టంకం, వార్నిష్ గురించి నేను అనే మాటని గట్టిగా నమ్మొచ్చు. చెక్క గురించి చెప్పేది మాత్రం సగం విన్నది, సగం కళ్ళారా చూసింది.

చేసినవాడి పేరు, నంబరు రాయడం లేదు. అతనే వద్దన్నాడు. ఒక్కడే పని చేస్తాడు, ఏడాదికి నాలుగైదు గిటార్లు దాటవు, షాపుకి బోర్డు లేదు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. నన్ను అన్నయ్యా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఇక్కడా అలాగే రాస్తాను.

అసలు కొత్త గిటారు ఎందుకు కావాల్సొచ్చిందంటే బుడమేరు వాగు వరద వల్ల. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మా ఇల్లు సింగ్ నగర్‌లో. తెల్లారేసరికి మోకాటి లోతు, మధ్యాహ్నానికి గుండెల లోతు. మేం పై వాటావాళ్ళ ఇంట్లోకి, అక్కణ్ణుంచి మేడ మీదికి ఎక్కాం. నీళ్ళు తీశాక ఇంట్లోకి వెళ్తే నా పాత గిటారు బ్యాగుతో సహా బీరువా వెనకాల ఇరుక్కుని ఉంది. జిప్పు తీస్తే బాడీ పూరీలా పొంగి పొరలు పొరలుగా విడిపోయింది. పదిహేనేళ్ళు దాన్ని గట్టి చెక్కే అనుకుని వాయించాను. లోపలంతా ప్లైవుడ్ అని ఆ రోజు తెలిసింది.

ఇంకొకటి కూడా నీళ్ళలో నానింది. మా అమ్మమ్మ భోషాణం. నూజివీడు దగ్గర పల్లె నుంచి మా అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు ఎడ్లబండి మీద వచ్చిందట. పనస చెక్క, మూత ఒకటే పలక. బురద కడిగి, ఆరాలని మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాను. మూడో రోజు టప్పుమని శబ్దం. వెళ్ళి చూస్తే మూత ఈ కొస నుంచి ఆ కొసకి నిలువునా పగిలింది. వరద ఏమీ చెయ్యలేకపోయింది, నా తొందరే దాన్ని చీల్చింది. మా అమ్మ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ పలక ఫోటో మా క్వయర్‌లో కీబోర్డ్ వాయించే అబ్బాయికి చూపిస్తే, కానూరు వైపు ఒకతను చెక్కా రెజినూ (ద్రవంగా పోస్తే గాజులా గట్టిపడే ఎపాక్సీ) కలిపి గిటార్లు చేస్తున్నాడు, వెళ్ళి అడుగు అన్నాడు. సంక్రాంతి తర్వాత మూతనీ పక్క పలకల్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్ళాను.

తమ్ముడి నాన్న ఫౌండ్రీలకి చెక్క పాటర్న్‌లు చేసేవాడు. ఇనప పోతకి ఇసకలో అచ్చు కొట్టాలంటే ముందు చెక్కతో ఆ ఆకారం చెయ్యాలి కదా, ఆ పని. చల్లారాక ఇనుము ఎంత కుంచించుకుంటుందో ముందే లెక్కగట్టి చెక్కని ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. ఆ ఇంట్లో పుట్టినవాడికి మిల్లీమీటరు అంటే లెక్కే, అర మిల్లీమీటరు అన్నా లెక్కే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ గిటారులో నేను ఎంత మెచ్చుకున్నా అది ఆ చేతికే. రెజిన్‌కి కాదు.

వెళ్ళగానే అతను చేసిన మొదటి పని రెండు సూదులున్న చిన్న మీటరు తెచ్చి పలకలో గుచ్చడం. 19 శాతం తేమ చూపించింది. "10 లోపలికి రావాలన్నయ్యా, లేకపోతే రెజిన్ పోశాక చెక్క కదులుతుంది, అతుకు విడుస్తుంది" అని, పలకల మధ్య బద్దలు పెట్టి, నీడలో, గాలి ఆడేచోట పేర్చాడు. నాలుగు నెలలు అలాగే ఉంచాడు. ఎండలో పెట్టి పగలగొట్టుకున్నవాణ్ణి, నాకు మాట్లాడే మొహం లేదు.

పనస పనికొస్తుందా అని అడిగాను. బొబ్బిలి వీణలూ నూజివీడు వీణలూ దేంతో చేస్తారు మరి అన్నాడు. నిజమే. పనస చెక్కతోనే. బరువు తగ్గుతుందేమోనని కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి పెడదామా అని కూడా అన్నాను, తెలివిగా మాట్లాడుతున్నా అనుకుని. నవ్వాడు. "బొమ్మకైతే సరే, దాంట్లో స్క్రూ నిలబడదన్నయ్యా."

రెజిన్ ఎంత అన్నదాని మీద ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. నేను సెల్‌ఫోన్‌లో చూసినవన్నీ సగానికి సగం రెజిన్ ఉన్నవే, గాజులా మెరిసిపోతూ. నాకూ అలాగే కావాలన్నాను. అతను కాగితం తీసి లెక్క వేశాడు. మామూలు గిటారు బాడీ ఘనపరిమాణం సుమారు 4 లీటర్లు. గట్టిపడిన ఎపాక్సీ లీటరు కిలో పైమాటే, ఇంచుమించు కిలో నూట పాతిక. మా పనస లీటరు 600 గ్రాములు. మొత్తం రెజిన్‌తో పోస్తే బాడీయే నాలుగున్నర కిలోలు, నెక్కూ (ఎడమ చెయ్యి పట్టే కాడ), బ్రిడ్జీ (బాడీ మీద తీగలు ఆనే దిమ్మ), మిగతా సామానూ కలిపి 6 కిలోలకి చేరుతుంది. స్ట్రాట్ మోడల్ గిటార్లు మూడున్నర కిలోల దగ్గర ఉంటాయి, లెస్‌పాల్ మోడల్ నాలుగు, నాలుగున్నర. "6 కిలోలు మెళ్ళో వేసుకుని గంటన్నర ఆరాధనలో నిలబడతావా?" అన్నాడు. లీటరు రెజిన్ దగ్గర ఒప్పందం కుదిరింది. ఎవరైనా ఇలాంటిది చేయించుకోవాలనుకుంటే ఈ పేరా రెండుసార్లు చదవండి.

పగులు వెంబడే పలకని పూర్తిగా రెండుగా చీల్చి, కింద పక్క పలకనీ అదే గీతలో కోసి అతికించాడు. మందం ఒకటిముప్పావు అంగుళం. మధ్యలో రెండు వేళ్ళ నుంచి అరచెయ్యంత వెడల్పు ఖాళీ, పై కొమ్ము నుంచి కింద అంచు దాకా. ఆ ఖాళీయే రెజిన్. అది తీగల కింద పడకుండా, లావు తీగ వైపు పక్కకి జరిపి ఆకారం గీశాడు. నెక్ కూర్చునే గుంట, బ్రిడ్జి స్క్రూలు, పికప్పులు (తీగ కదలికని కరెంటుగా మార్చే కాయిళ్ళు) అన్నీ నిక్కమైన చెక్కలోనే. రెజిన్‌లో స్క్రూ బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు వెంట్రుక వాసి చీలిక వస్తుందని భయం. సబ్‌మెర్సిబుల్ కేబుల్ జాయింట్లకి మేమూ రెజిన్ పోస్తుంటాం కాబట్టి ఆ పెళుసు నాకూ తెలుసు.

రంగు దగ్గర ఇంట్లో గొడవైంది. మధ్యలో రెజిన్ ఏరులా పోసిన నది బల్లలని ఇప్పుడు ప్రతి ఫర్నిచర్ షాపులో కనిపిస్తున్నాయి చూడండి, అన్నీ నీలమే. మాకు తెలిసిన ఏరు నీలంగా ఉండదు. నాకు ఆ రోజు ఇంట్లోకొచ్చిన నీళ్ళ రంగు కావాలనిపించింది, పాలు తక్కువైన టీ రంగు. తమ్ముడు ఐస్‌క్రీం కప్పుల్లో ఐదు రకాలు కలిపి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి కిటికీలో వరసగా పెట్టాను. మా ఆవిడ మొదటి కప్పు చూసి ఇది టీ కాదు, సాంబారు అంది. ఆ తర్వాత సంగతి అర్థమయ్యాక నవ్వలేదు. "ఆ నీళ్ళు ఇంట్లోంచి కడగడానికి నాకు పది రోజులు పట్టిందండీ. ఇప్పుడు డబ్బులిచ్చి మళ్ళీ తెస్తారా?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మూడో కప్పు ఖాయం చేశాను, పల్చటి బెల్లం పానకం రంగు. ఆవిడ సరేననలేదు, వద్దనీ అనలేదు.

ఆ రంగు వల్ల ఒక లాభం ఉంది, ఇది తమ్ముడే చెప్పాడు. ఎపాక్సీ ఏదైనా ఎండ తగిలేకొద్దీ పసుపు తిరుగుతుంది. తెల్లగా, నీలంగా పోసినవాటిలో రెండేళ్ళకే తెలిసిపోతుంది. మనది ముందే ఆ రంగు.

భోషాణం మూలల్లో ఎండిపోయిన ఒండ్రు ఉంటే గోకి పొట్లం కట్టి ఇచ్చాను. పల్చటి గుడ్డలో జల్లించి, పెనం మీద వేడిచేసి తడి పోగొట్టి, రెజిన్‌లో చిటికెడు కలిపాడు. ఏమవుతుందో అతనికీ తెలీదు. ఏమైందో కింద చెప్తాను.

మొదటిసారి పోసింది పాడైంది. ఇది దాచాల్సిన పని లేదు, అతనూ దాచలేదు. మే నెలాఖరు, రోహిణి కార్తె. మందంగా పోయడానికి నెమ్మదిగా గట్టిపడే రెజిన్ వేరే ఉంటుంది, బల్లల మీద పల్చగా పూసేది వేరే. నెమ్మదిది అయిపోయింది, కొత్త డబ్బా రాలేదు, నేనేమో పది రోజులుగా ఫోన్లు చేసి సతాయిస్తున్నాను. తొందరలో పూత రెజిన్‌నే ఒకేసారి నిండా పోసేశాడు. రెజినూ, దాన్ని గట్టిపరిచే హార్డనరూ కలిస్తే వేడి పుడుతుంది. పల్చగా ఉంటే ఆ వేడి గాలిలోకి పోతుంది, ముద్దగా ఉంటే లోపలే నిలిచి, ఆ వేడికి ఇంకా త్వరగా గట్టిపడి, ఇంకా వేడెక్కుతుంది. అతను ఫోన్ చేస్తే వెళ్ళాను. అచ్చులోంచి సన్నగా పొగ, ఘాటు వాసన, మధ్యలో ఉడికిన పచ్చసొనలా పసుపు, దానిమీద సాలెగూడులా పగుళ్ళు. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు, రెజిన్ ఒక లెక్కా.

నాకు కోపం వచ్చిన మాట వాస్తవం. పోయింది అమ్మమ్మ చెక్క కదా. కానీ అతను "తప్పు నాదన్నయ్యా, ఈ రెజిన్ ఖర్చు నీకు రాదు" అని, చెక్క తొలిచే రౌటర్ మెషిన్ పెట్టి ఆ ముద్దంతా తవ్వి తీశాడు. చెక్క రెండు అంచుల్లోనూ కాస్త కాస్త పోయింది. ఏరు అనుకున్నదానికంటే వెడల్పైంది. సరే, బుడమేరు కూడా అంతేగా.

రెండోసారి ఆరుద్రలో. ఈసారి నేనూ కూర్చున్నాను. పగలు వద్దని రాత్రి పదకొండింటికి, ఏసీ వేసి. ముందు చెక్క అంచులకి పల్చగా రెజిన్ రాసి ఆరనిచ్చాడు. అలా చెయ్యకపోతే చెక్క రంధ్రాల్లోని గాలి రాత్రంతా బుడగలు బుడగలుగా పైకొస్తూనే ఉంటుందట. రెజిన్, హార్డనర్ కంటి అంచనాతో కాకుండా గ్రాముల కాటా మీద తూచి కలిపాడు, అయిదారు నిమిషాలు నెమ్మదిగా, కప్పు గోడలు గీకుతూ. గుడ్డు గిలక్కొట్టినట్టు కొడితే నురగే. సెంటీమీటరు పైచిలుకు మందం పోసి, పైన వేడిగాలి తుపాకీ ఆడిస్తే బుడగలు ఒక్కొక్కటే చిటుక్కున పగిలిపోయాయి. మర్నాడు రాత్రి రెండో పొర. అలా నాలుగు రాత్రులు.

మూడో రాత్రి వాన పడి ఆగింది. తలుపు కాస్త తీసి ఉంది, లోపల ట్యూబ్‌లైట్. మన ఊళ్ళో పుట్టినవాళ్ళకి తర్వాతేం జరిగిందో చెప్పక్కర్లేదు. ఉసిళ్ళు. పళ్ళెం తెచ్చి మూసేలోపు ఒకటి దిగిపోయింది. సూదితో తీయబోతే ఇంకా లోపలికి కుంగింది. పొద్దున్నకి గట్టిపడిపోయింది. డ్రిల్లు పెట్టి తీసి మళ్ళీ పోస్తాను అన్నాడు తమ్ముడు, మొహం చిన్నబుచ్చుకుని. వద్దన్నాను. ఇప్పుడు పై కొమ్ముకి మూడు అంగుళాల కింద, నాలుగు రెక్కలూ విప్పుకుని, ఒక రెక్క కొద్దిగా మడతపడి ఉంటుంది. వెలుగు వెనక నుంచి పడితే రెక్కలో ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆదివారం బడి పిల్లలు గిటారు కంటే దాన్నే ఎక్కువ చూస్తారు.

ఒండ్రు సంగతి. నెమ్మదిగా గట్టిపడే రెజిన్ కాబట్టి ఒండ్రుకి అడుగుకి చేరే సమయం దొరికింది. ప్రతి పొరలోనూ కింద సన్నగా నల్లటి గీత, పైకి వెళ్ళేకొద్దీ తేట. అంచు పక్కనుంచి చూస్తే నాలుగు గీతలు ఒకదాని మీద ఒకటి, ఏటి గట్టు కోసుకుపోయినచోట కనిపిస్తాయి చూడండి మట్టి వరసలు, అచ్చం అలా. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు. వాయిస్తూ తల వంచితే నాకు కనిపించేది అదే. ఎదుటివాళ్ళకి కనిపించదు.

ఆ తర్వాత అరగదీత. 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి 120, 240, 400, అక్కణ్ణుంచి నీటి పేపరుతో 2000 దాకా, ఆపైన బఫింగ్. మూడు వారాలు. ఒక మధ్యాహ్నం నేనూ చెయ్యి వేశాను, మర్నాడు స్టార్టర్ బాక్సు మూత విప్పడానికి భుజం లేవలేదు. ఆ పొడి పీలిస్తే మంచిది కాదు. తమ్ముడు ముక్కుకి మంచి మాస్కు పెట్టుకుంటాడు, చూడ్డానికి వచ్చినవాళ్ళకి మాత్రం ఇవ్వడు. ఇది కొంచెం చూసుకోవాలి.

ఇప్పుడు అసలు మెచ్చుకోవాల్సిన చోటికి వస్తాను. నెక్. చెక్క బయటినుంచి తెప్పించిన మేపుల్, పైన వేళ్ళు ఆడే పట్టీ మన రోజ్‌వుడ్. లోపల ఇనప కడ్డీ, తీగల లాగుడికి నెక్ వంగితే సరిచెయ్యడానికి. నెక్‌ని బాడీ గుంటలో కూర్చోబెట్టి, ఇంకా ఒక్క స్క్రూ కూడా బిగించకుండా, నెక్ పట్టుకుని గిటారుని గాల్లోకి లేపాడు. బాడీ జారలేదు. నేను కింద చేతులు చాపి నిలబడ్డాను, పడుతుందేమోనని. "పాటర్న్ పనన్నయ్యా" అన్నాడు, అంతే.

ఇంటికొచ్చాక వెర్నియర్ తీసి నేను కొలిచాను, నమ్మక కాదు, అలవాటు. తీగ కదిలే పొడవు 648 మిల్లీమీటర్లు, అంటే ఇరవై అయిదున్నర అంగుళాలు. ఆ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) ఎక్కడ పడాలో వస్తుంది, మిగిలినదాన్ని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది, అలా చివరి దాకా. మొదటిది 36.4 దగ్గర రావాలి, వచ్చింది. పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర రావాలి, వచ్చింది. 22 ఫ్రెట్‌లలో ఏ ఒక్కదాని కొసా చేతికి గీసుకోలేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావు వైపు 1.8 మిల్లీమీటర్లు, సన్నం వైపు 1.5. ఎక్కడా జర్రుమనదు. నా పాత గిటారు మీద బార్ కార్డు (ఒకే వేలితో తీగలన్నీ నొక్కేది) పట్టడానికి బొటనవేలు నొప్పి పుట్టేది. దీనిమీద వేలు ఆనిస్తే చాలు.

పికప్పుల దగ్గర నా ఉత్సాహం ఆపుకోలేకపోయాను. బ్రిడ్జి దగ్గర రెండు కాయిళ్ళ హంబకర్, నెక్ దగ్గర ఒక్క కాయిలే ఉండే సింగిల్ కాయిల్ అనుకున్నాం. సింగిల్ కాయిల్ నేను చుడతానన్నాను. 22 ఏళ్ళ వైండింగ్, ఇదెంత అనుకున్నా. సీలింగ్ ఫ్యాన్‌కి మేం 36 గేజి తీగ వాడతాం. దీనికి కావాల్సింది మా లెక్కలో 46 గేజి దగ్గర, 0.06 మిల్లీమీటరు. దాదాపు 8,000 చుట్లు. మొదటిది 900 దగ్గర తెగింది. రెండోది 3,100 దగ్గర. మూడోది, ఫ్యాన్ ఆపేసి, ఊపిరి బిగబట్టి, వేళ్ళ మధ్య దూది ముక్కలోంచి తీగ వదులుతూ పూర్తిచేశాను. మీటరు పెడితే 6.1 కిలో ఓములు. షాపులో నలుగురు చప్పట్లు కొట్టారు. మైనం కరిగించి అందులో ముంచాం. మేం కాయిల్‌కి వార్నిష్ పట్టించేదీ ఇందుకే కదా, తీగలు లోపల కదలకూడదు. ఇక్కడ కదిలితే ఆంప్ (గిటారు శబ్దం పెంచే పెట్టె) సౌండు పెంచినప్పుడు కీచుమంటుంది.

నేనే చుట్టాను కాబట్టి డబ్బులు తగ్గిస్తావా అని అడిగాను. "తెగినప్పుడల్లా పక్కన కూర్చుని చూశాను కదన్నయ్యా, ఎక్కువే తీసుకోవాలి" అన్నాడు.

స్ట్రాట్ గిటారు చేసిన లియో ఫెండర్ కూడా రేడియో రిపేరు షాపు వాడే, గిటారు వాయించడం వచ్చేది కాదట. ఈ మాట మా కుర్రాళ్ళకి చెప్పినప్పట్నుంచీ ఒకడు గిటారు డిజైన్లు గీస్తున్నాడు, మోటార్లు పక్కన పెట్టి.

ఇప్పుడు లోపాలు. తమ్ముడు చెక్కలో ఎంత గట్టివాడో కరెంటులో అంత మెతక. తెచ్చిన మొదటి రోజు ఆంప్‌కి తగిలిస్తే బొయ్యిమని హోరు. తీగల మీద చెయ్యి వేసినా తగ్గదు. సింగిల్ కాయిల్ అన్నాక కొంత హోరు ఉంటుంది, కరెంటు లైన్ల 50 హెర్ట్జ్‌ని అది ఏరుకుంటుంది. ఆ బాధ పడలేకే 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిళ్ళని ఎదురెదురు దిశల్లో కలిపి హంబకర్ చేశాడు. కానీ ఇక్కడ హంబకర్ మీద పెట్టినా హోరు తగ్గలేదు. వెనక మూత విప్పితే బ్రిడ్జికి వెళ్ళే ఎర్త్ తీగ టంకం పట్టలేదు, పైకి బూడిదరంగులో ముద్దగా ఉంది, లాగితే చేతిలోకొచ్చింది. అయిదు నిమిషాల పని, నేనే అతికించాను. గుంట గోడలకి రాగి రేకు కూడా నేనే అంటించాను. 62,000 రూపాయలు తీసుకున్న పనిలో ఇది ఉండకూడదు. నాకు టంకం పెట్టడం వచ్చు, అందరికీ రాదు. ఫోన్‌లో చెప్తే తప్పు ఒప్పుకున్నాడు, తర్వాతవాటికి మీ షాపులో వైరింగ్ చేయిస్తా అన్నాడు. చూడాలి.

రెండోది ఆలస్యం. ఈస్టర్‌కి ఇస్తానన్నది దసరాకి చేతికొచ్చింది. చెక్క ఆరడానికి పట్టిన కాలం న్యాయమే. మిగతా రెండు నెలలు మెసేజ్‌లకి నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు. "ఇంకో పది రోజులు" అని రాస్తే సరిపోయేది కదా. బ్యాగు కూడా ఇవ్వడు, మనమే కొనుక్కోవాలి, మామూలు సైజు సరిపోతుంది.

మూడోది తప్పు కాదు, జాగ్రత్త. మే నెలలో కారులోనో, రేకుల షెడ్డులోనో వదిలెయ్యొద్దని గట్టిగా చెప్పాడు. ఇలాంటి రెజిన్లు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి, మన ఎండలో అద్దాలు మూసిన కారు లోపల ఆ వేడి మామూలే. మా షాపుది రేకుల కప్పు. అందుకే గిటారు షాపులో పెట్టను.

శబ్దం గురించి అడుగుతారు. పనస మోతనీ, రెజిన్ మోతనీ వేరు చేసి వినగల చెవి నాకు లేదు, ఉందని చెప్పుకునేవాళ్ళతో వాదించను. పికప్ వినేది ఇనప తీగ కదలికని. 1930ల మొదట్లో రికెన్‌బాకర్ వాళ్ళు అల్యూమినియం పోతతో చేసిన గిటారు మోగింది, 1969లో ఆంపెగ్ కోసం డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ గాజులాంటి ప్లాస్టిక్‌తో చేసిందీ మోగింది. నాకు తెలిసిందల్లా, క్లీన్ టోన్‌లో నెక్ పికప్ మీద ఒక స్వరం పట్టి తీగ సాగదీస్తే, గమకం పూర్తయ్యేదాకా ఆ స్వరం చావకుండా నిలబడుతుంది. బరువు వల్లో, నెక్ గుంట బిగువు వల్లో చెప్పలేను. నన్నడిగితే గుంటే అంటాను. ట్యూనింగ్ క్రిస్మస్ వారమంతా కదల్లేదు, ఒక్క ఏసీ ఫంక్షన్ హాల్లో తప్ప. మర్నాడు తీసుకెళ్తే కడ్డీని అల్లెన్ కీతో పావు చుట్టు తిప్పి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఏడాది పాటు అలాగే చూస్తానన్నాడు.

బరువు మాత్రం బరువే. సన్నటి స్ట్రాప్‌తో అరగంటకే భుజం మీద వాత పడింది. మూడు అంగుళాల తోలు పట్టీ కొన్నాక గంటన్నర నిలబడగలుగుతున్నాను. పాస్టరు గారు ప్రసంగం పొడిగించినప్పుడు కింద పెట్టేస్తాను.

వెళ్ళమంటావా అంటే, మీ దగ్గర ఇష్టమైన చెక్క ఏదైనా ఉండి, ఏడాది ఓపిక ఉంటే వెళ్ళండి. రెజిన్ తక్కువ పోయమనండి, వైరింగ్ ఎవరిచేతనైనా ఒకసారి చూపించుకోండి. మెరుపు కోసమే అయితే ఏలూరు రోడ్డులో ఇంతకంటే మెరిసేవి సగం ధరకి దొరుకుతాయి.

గిటారు కోసి తీశాక పనస పలక మూరెడు మిగిలింది. మా అమ్మ కూర్చోడానికి దాంతో పీట చేసిమ్మని మా ఆవిడే ఫోన్ చేసి తమ్ముడికి చెప్పింది. చిన్న పగులుందొదినా, రెజిన్‌తో నింపనా అని అడిగాడట. పగులు అలాగే ఉండనీ బాబూ అందట.